పిల్లల దవడ, పళ్ళ మత్తు సూది: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లల పళ్ళ వైద్యంలో నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. చాలామంది తల్లిదండ్రులు సూది వేసే నిమిషంలో కంగారుగా అడుగుతారు. అప్పుడు తీరిగ్గా జవాబు చెప్పే వీలుండదు, అందుకే ఇక్కడ వివరంగా రాశాను.

పళ్ళకు మత్తు ఇస్తే మా పాప స్పృహ తప్పుతుందా?

తప్పదు. మన మాటల్లో మత్తు అన్నా స్పృహ లేకపోవడం అన్నా ఒకటే అయిపోయింది, ఈ భయానికి కారణం అదే. పన్ను దగ్గర ఇచ్చే సూది ఆ చోట నరాన్ని కొంతసేపు మొద్దుబార్చుతుంది, అంతే. పాప మెలకువగానే ఉంటుంది, మాట్లాడుతుంది, మీ చెయ్యి పట్టుకుంటుంది. నిద్రపుచ్చి చేసే చికిత్స వేరు. దానికి మత్తు వైద్య నిపుణులు ఉండాలి, ముందు పరీక్షలు కావాలి, కడుపు ఖాళీగా ఉండాలి. ఈ జవాబుల్లో చెప్పేదంతా మొదటి రకం గురించి.

పాల పళ్ళే కదా, ఊడిపోయేవే. సూది లేకుండా తీయలేరా?

బాగా కదులుతున్న ముందు పన్ను అయితే జెల్ రాసి తీయవచ్చు. కానీ 5 ఏళ్ళ పిల్లవాడి దవడ పన్ను సంగతి అలా కాదు. పాల దవడ పళ్ళలో చివరిది 10 నుంచి 12 ఏళ్ళ దాకా నోట్లో ఉండాల్సిన పన్ను. దాని వేళ్ళు పొడుగ్గా, పట్టకారు చేతుల్లా ఎడంగా విచ్చుకుని, వాటి మధ్య తయారవుతున్న శాశ్వత దంతాన్ని పొదివి పట్టుకుని ఉంటాయి. ఆ పన్నులో నరం ఉంది, రక్తం ఉంది, నొప్పి ఉంది. మత్తు లేకుండా దాన్ని ముట్టుకోవడం నాకు సమ్మతం కాదు. ఒకసారి అలా నొప్పి అనుభవించిన పిల్ల పదేళ్ళయినా పళ్ళ డాక్టరు గడప తొక్కదు.

పిల్లల దవడ పెద్దవాళ్ళ దవడకు చిన్న నమూనా లాంటిదే కదా?

కాదు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

పుట్టినప్పుడు బిడ్డ కింది దవడ ఒకే ఎముక కాదు. గడ్డం దగ్గర రెండు సగాలుగా ఉండి, మొదటి ఏడాదిలో అతుక్కుంటుంది. ఆకారం కూడా వేరు. మీ మోచేతిని దాదాపు తిన్నగా చాపి చూడండి, పసిబిడ్డ దవడ పక్క నుంచి అలా ఉంటుంది. చెవి వైపు లేచే భాగానికీ పళ్ళు ఉండే భాగానికీ మధ్య కోణం సుమారు 175 డిగ్రీలు. 4 ఏళ్ళు వచ్చేసరికి అది 140కి దిగుతుంది. పెద్దయ్యాక 110 నుంచి 120 డిగ్రీలు, అంటే మోచెయ్యి మడిచినట్టు. దవడ ఎదగడమంటే సాగడం మాత్రమే కాదు, ఆకారం మారుతూ సాగడం.

ఆ ఎదుగుదల కూడా చిత్రమైనది. చెవి వైపు నిలువుగా లేచే భాగం వెనక అంచున కొత్త ఎముక చేరుతూ ఉంటే, ముందు అంచున పాత ఎముక కరుగుతూ ఉంటుంది. ఒక వైపు గోడ కడుతూ రెండో వైపు చెక్కుతున్నట్టు. అలా చెక్కిన చోటే 6 ఏళ్ళకు ఒక దవడ పన్ను, 12 ఏళ్ళకు మరొకటి, వీలుంటే ఆ తర్వాత జ్ఞానదంతం వచ్చి కూర్చుంటాయి. ఎముక ఇలా జరుగుతున్నప్పుడు దానిలోకి దిగే నరం దారి కూడా జరుగుతుంది. సూది ఎక్కడ వేయాలన్న ప్రశ్న వచ్చేది అందుకే.

నరం దారి జరగడమంటే ఏమిటి?

కింది పళ్ళన్నింటికీ స్పర్శనిచ్చే నరం దవడ నిలువు భాగం లోపలి వైపున ఉన్న ఒక చిన్న రంధ్రంలోంచి ఎముకలోకి దిగుతుంది. ఆ రంధ్రానికి కాస్త పైన మందు చేరితే ఆ వైపు కింది పళ్ళు, సగం పెదవి, గడ్డం మొద్దుబారతాయి. పక్కనే వెళ్ళే నాలుక నరానికీ మందు తగులుతుంది కాబట్టి సగం నాలుక కూడా.

రంధ్రం కంటికి కనిపించదు. కింది పళ్ళు నమిలే మట్టాన్ని గీతగా తీసుకుని దాని ఎత్తును అంచనా వేస్తాం. ఈ మట్టం వయసుతో మారుతుంది. 3 ఏళ్ళ పిల్లల్లో రంధ్రం ఆ గీతకు సగటున 4 మిల్లీమీటర్లు కిందుగా ఉంటుంది. 9 ఏళ్ళ ప్రాంతంలో గీతతో సమానంగా వస్తుంది. పెద్దవాళ్ళలో గీతకు సుమారు 4 మిల్లీమీటర్లు పైన ఉంటుంది. మొత్తం తేడా 8 మిల్లీమీటర్లు. చిటికెన వేలి గోరంత దూరమే, కానీ సూది మొనకు అది చాలా దూరం.

లోతు కూడా మారుతుంది. పెద్దవాళ్ళకు సూది 20 నుంచి 25 మిల్లీమీటర్లు లోపలికి వెళ్ళాల్సిన చోట చిన్నపిల్లలకు 15 దగ్గరే ఎముక తగులుతుంది. నేను సూది పట్టుకునే ముందు బొటనవేలిని నోట్లో దవడ నిలువు భాగం ముందు అంచు మీద, మిగతా వేళ్ళను బయట చెవి కింద అదే భాగం వెనక అంచు మీద ఆనిస్తాను. 4 ఏళ్ళ పాప దవడ ఆ రెండు వేళ్ళ మధ్య ఎంత సన్నగా ఉంటుందో ప్రతిసారీ తెలుస్తుంది. సూది వెళ్ళాల్సింది ఆ వెడల్పులో సగం దాకా. మొన ఎముకకు మెల్లగా తగిలాక కొద్దిగా వెనక్కి తీసి, సిరంజిలోకి రక్తం రావడం లేదని చూసుకుని, అప్పుడు మందు వదలాలి. సిరంజి ఎదుటి వైపు పాల దవడ పళ్ళ మీదుగా వస్తుంది. పిల్లవాడు ఆ సమయంలో తల తిప్పకుండా సహాయకులు నెమ్మదిగా పట్టుకుంటారు, దాన్ని చూసి బెదరకండి.

పైన చెప్పినవన్నీ సగటు లెక్కలు. అదే వయసు పిల్లలిద్దరి దవడలు ఒకేలా ఉండవు. అందుకే వయసు అడిగాక కూడా వేలితో తడిమి చూస్తాం, ఎక్స్‌రే ఉంటే అదీ చూస్తాం.

మా చిన్నవాడికి పన్ను పక్కన చిగురులోనే వేశారు. పెద్దవాడికి నోటి వెనక లోపలికి వేశారు. ఇద్దరిదీ కింది దవడ పన్నే. ఎందుకీ తేడా?

చిన్నపిల్లల ఎముక పలుచన, బోలుదనం ఎక్కువ. పన్ను పక్క చిగురులో వదిలిన మందు ఎముకలోంచి ఇంకి వేరు దాకా చేరుతుంది. ఇసుక నేలలో నీళ్ళు ఇంకినట్టు. వయసు పెరిగే కొద్దీ కింది దవడ బయటి గోడ మందమై గట్టిపడుతుంది. అప్పుడు అది బండ నేల, మందు ఇంకదు. ఇక నరం ఎముకలోకి దిగే చోటే పట్టుకోవాలి.

ఏది ఎప్పుడన్న దానికి పళ్ళ వైద్యులు వాడే ఒక చిన్న కూడిక ఉంది. మధ్య గీత నుంచి పన్ను ఎన్నోదో లెక్కపెట్టండి: మొదటి పాల దవడ పన్ను 4వది, రెండోది 5వది. ఆ అంకెకు పిల్లవాడి వయసు కలపండి. మొత్తం 10 లేదా అంతకు తక్కువైతే చిగురులో వేసే సూది సరిపోవచ్చు. 10 దాటితే నరం దగ్గర వేసేది మేలు. 4 ఏళ్ళ పాపకు మొదటి దవడ పన్ను అయితే 4, 4 కలిపి 8, చిగురులో చాలు. 7 ఏళ్ళ బాబుకు రెండోది అయితే 7, 5 కలిపి 12, లోపల వేయాలి. మీ ఇద్దరు పిల్లల విషయంలో జరిగింది ఇదే అయి ఉంటుంది.

ఈ కూడికను నేను వాడతాను, కానీ దాని మీదే ఆధారపడను. పన్ను ఎంత పాడైంది, పైపైన పూడ్చడమా లేక నరం దాకా వెళ్ళాలా, వాపు ఉందా అనేవి కూడా చూడాలి. వేర్లు సగం కరిగిపోయిన పన్నుకు లెక్క వేరు.

పై పళ్ళ సంగతి?

పై దవడ బయటి గోడ పిల్లల్లోనూ పెద్దల్లోనూ పలుచనే, కాబట్టి దాదాపు అన్నింటికీ చిగురు పక్కన వేసే సూది సరిపోతుంది. ఒక్క చోట జాగ్రత్త పడాలి. బుగ్గ ఎముక దవడను కలిసే చోట ఎముక దిట్టంగా ఉంటుంది. రెండో పాల దవడ పన్ను, 6 ఏళ్ళకు వచ్చే శాశ్వత దవడ పన్ను సరిగ్గా దాని కిందే ఉంటాయి. అక్కడ మందు సరిగా ఇంకదు. ఆ పన్నుకు వెనక వైపు మరో సూది అవసరం కావచ్చు. రెండో సూది వేశారంటే మొదటిది తప్పుగా వేశారని అనుకోకండి.

పన్ను తీయాలంటే అంగిలి వైపు కూడా మొద్దుబారాలి. నిజం చెబితే, అంగిలి సూదే అన్నింటికన్నా నొప్పి, అక్కడ చర్మం ఎముకకు బిగిసి ఉంటుంది కాబట్టి. బయటి వైపు మొద్దుబారాక పళ్ళ మధ్య చిగురులోంచి కొంచెం కొంచెంగా లోపలికి పంపితే పిల్లలకు తేలిక.

ఎంత మందు ఇస్తారు? ఎక్కువైతే ప్రమాదమా?

అవును, ప్రమాదమే. అందుకే బరువు చూడకుండా పిల్లలకు మత్తు ఇవ్వకూడదు. మీ డాక్టరు బరువు అడగకపోతే మీరే చెప్పండి. "నాలుగో ఏడు" అని కాదు, బరువు తూచే యంత్రం మీద నిలబెట్టి చూసిన కిలోల లెక్క చెప్పండి.

మన దగ్గర ఎక్కువగా వాడేది అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకైన్. ఒక మిల్లీలీటరులో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పిల్లల పళ్ళ వైద్యంలో పాటించే గరిష్ఠ మోతాదు కిలో బరువుకు 4.4 మిల్లీగ్రాములు. 15 కిలోల పాపకు 66 మిల్లీగ్రాములు, అంటే 3.3 మిల్లీలీటర్లు. పళ్ళ మందు గొట్టంలో 1.8 మిల్లీలీటర్లు ఉంటుంది కాబట్టి రెండు గొట్టాలు కూడా పూర్తిగా వాడకూడదు. 60 కిలోల పెద్దమనిషికి అదే లెక్కన 13 మిల్లీలీటర్లు దాటి వస్తుంది. పెద్దవాళ్ళ అలవాటు చేతితో పిల్లలకు వేయకూడదని చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఆర్టికైన్ అనే మందు 4 శాతంలో వస్తుంది. దాని హద్దు కిలోకు 7 మిల్లీగ్రాములు, అంటే పైకి ఎక్కువలా కనిపిస్తుంది. కానీ మందు రెట్టింపు చిక్కన. 15 కిలోల పాపకు 2.6 మిల్లీలీటర్లకే హద్దు వచ్చేస్తుంది. 4 ఏళ్ళ లోపు పిల్లలకు దాన్ని సిఫారసు చేయరు.

నాలుగు వైపులా పళ్ళు పుచ్చాయి. ఒకే రోజు అన్నీ చేయించలేమా?

ఊరి నుంచి బస్సులో వచ్చి, కూలి పోగొట్టుకుని కూర్చున్న తల్లి ఈ మాట అడిగినప్పుడు లేదని చెప్పడం నాకు కష్టంగానే ఉంటుంది. కానీ పై లెక్క చూశారు కదా. చిన్న పిల్లకు నాలుగు వైపులకూ సరిపడే మత్తు ఆ హద్దులో ఇమడకపోవచ్చు. ఒక వైపు పైనా కిందా కలిపి ఒక రోజు, రెండో వైపు ఇంకో రోజు చేస్తాం. రాకపోకలు తగ్గేలా తేదీలు ముందే కుదుర్చుకోండి.

సూది వేశాక కూడా నొప్పి అని ఏడుస్తున్నాడు. నాటకమా?

పిల్లవాడు నొప్పి అంటే ముందు నమ్మండి. నేనూ ముందు అదే చేస్తాను. మందు పని చేయకపోవడానికి నిజమైన కారణాలు చాలా ఉన్నాయి. పన్ను కింద చీము చేరితే అక్కడి కణజాలంలో ఆమ్ల గుణం పెరిగి మందు నరంలోకి సరిగా చొరబడదు. నరం రంధ్రం ఆ పిల్లవాడిలో సగటు కన్నా పైనో కిందనో ఉండవచ్చు. కొన్నిసార్లు మందుకు ఇంకా రెండు నిమిషాలు టైం కావాలి.

ఇంకో సంగతి: మత్తు నొప్పిని ఆపుతుంది, ఒత్తిడిని ఆపదు. పన్ను కదిపినప్పుడు బరువుగా నొక్కినట్టు తెలుస్తుంది, పిల్లలు దాన్నీ నొప్పి అనే అంటారు. ముందుగానే చెబితే తేడా తెలుసుకుంటారు. నేను చిగురును పరికరంతో చిన్నగా గుచ్చి "ఇక్కడ సూదిగా ఉందా, మొద్దుగా ఉందా" అని అడుగుతాను. అయిదేళ్ళ పిల్లలు కూడా సరిగ్గానే చెబుతారు.

సూది తర్వాత ఒక వైపు కన్ను మూయలేకపోతోంది, మూతి వంకరగా ఉంది. పక్షవాతమా?

కాదు. నోటి వెనక వేసే సూది అవసరానికి మించి వెనక్కి వెళితే మందు చెవి కింద ఉండే లాలాజల గ్రంథిలోకి చేరుతుంది. ముఖ కండరాలను కదిలించే నరం దాని గుండానే వెళుతుంది. దవడ వెడల్పు తక్కువైన చిన్నపిల్లల్లో లోతు తప్పితే ఇలా జరుగుతుంది. మందు దిగగానే కొన్ని గంటల్లో సర్దుకుంటుంది. అంతవరకు ఆ కన్ను ఎండిపోకుండా శుభ్రమైన గుడ్డతో మెల్లగా మూసి ఉంచండి, వైద్యునికి వెంటనే చెప్పండి.

టెస్ట్ డోసు వేయమని అడగాలా?

లిగ్నోకైన్‌కు నిజమైన అలర్జీ చాలా అరుదు. సూది భయంతో కళ్ళు తిరగడం, అడ్రినలిన్ వల్ల కొద్ది నిమిషాలు గుండె దడదడలాడటం అలర్జీ కాదు. గతంలో సూది తర్వాత ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి జరిగి ఉంటే ముందే చెప్పండి, అలర్జీ నిపుణుల దగ్గర పరీక్ష చేయించాలి. గుండె జబ్బు, ఉబ్బసం, మూర్ఛ, వాడుతున్న మందులు ఉంటే అవీ దాచకుండా చెప్పండి. టెస్ట్ డోసు కన్నా ఈ మాటలే ఎక్కువ కాపాడతాయి.

సూదికి ముందు రాసే జెల్ ఇంట్లో కొనిపెట్టుకోవచ్చా?

వద్దు. ముఖ్యంగా బెంజోకైన్ ఉన్న జెల్. పళ్ళు వచ్చే పసిపిల్లల చిగుళ్ళకు రాయమని విదేశాల్లోని బంధువులు పంపిన ట్యూబులు కొన్ని ఇళ్ళలో చూశాను. రక్తం ఆక్సిజన్‌ను మోసే శక్తిని అది దెబ్బతీసే ప్రమాదం ఉందని, 2 ఏళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. క్లినిక్‌లో చిగురు తుడిచి, కొద్దిగా రాసి, ఒకటి రెండు నిమిషాలు ఆగి సూది వేస్తారు. ఆ నిమిషం ఆగని చోట జెల్ రాసినా ఉపయోగం లేదు.

వచ్చే ముందు పిల్లకు ఏం చెప్పాలి?

రెండు మాటలు మానేయండి. ఒకటి, "అల్లరి చేస్తే డాక్టరుతో సూది వేయిస్తా". మన ఇళ్ళలో అన్నం తినిపించడానికి కూడా వాడే బెదిరింపు ఇది. ఆ పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమంటే, అల్లరికి శిక్ష పడుతోందనే అనుకుంటుంది. రెండోది, "అసలు సూదే వేయరు". అబద్ధం బయటపడ్డాక ఆమె మిమ్మల్నీ నన్నూ ఇద్దరినీ నమ్మదు.

"పన్నును కాసేపు నిద్రపుచ్చుతారు, చీమ కుట్టినట్టు ఉంటుంది, తర్వాత పెదవి లావైనట్టు అనిపిస్తుంది" అని చెప్పండి, చాలు. పెదవి మాట తప్పక చెప్పండి. ఒక పాప సూది అయ్యాక అద్దం అడిగి, పెదవి నిజంగా పెద్దదైందేమోనని రెండు వేళ్ళతో పట్టి కొలుచుకుంది. అలాగే ఉందని కళ్ళారా చూశాకే నోరు తెరిచింది. తేలికగా తినిపించి తీసుకురండి, ఆకలితో ఉన్న పిల్ల ఓపిక పట్టలేదు. నిద్రపుచ్చే చికిత్స అయితే మాత్రం డాక్టరు చెప్పినట్టు ఖాళీ కడుపుతో రావాలి.

ఇంటికి వెళ్ళాక ఏం జాగ్రత్త?

కొరుక్కోకుండా చూడటం. పన్ను మత్తు గంటలో దిగిపోయినా పెదవి, నాలుక, బుగ్గ 3 నుంచి 5 గంటల దాకా మొద్దుగా ఉండవచ్చు. తిమ్మిరి పట్టిన పెదవి పిల్లలకు కొత్త ఆటవస్తువు. నములుతారు, పీలుస్తారు, గిల్లుతారు. నొప్పి తెలియదు కాబట్టి ఆపరు.

ఎంత చిన్న పిల్లలైతే అంత ఎక్కువ. అమెరికాలో 2000 సంవత్సరంలో ప్రచురించిన ఒక పరిశీలనలో, కింది దవడ నరానికి మత్తు తీసుకున్న 4 ఏళ్ళ లోపు పిల్లల్లో 18 శాతం, 12 ఏళ్ళు, ఆపైన ఉన్నవారిలో 7 శాతం ఇలా కొరుక్కున్నారు. రెండు వైపులా మొద్దుబారిన పిల్లల కన్నా ఒక వైపే మొద్దుబారిన పిల్లలే ఎక్కువగా గాయపరచుకున్నారని కూడా అందులో తేలింది. ఒక వైపు మామూలుగా ఉంటే రెండో వైపు వింతగా తోచి కొరుకుతూ ఉంటారని నా అనుభవం.

అందుకే మత్తు దిగేదాకా ఇడ్లీ, పెరుగన్నం లాంటి మెత్తనివి కూడా పెట్టకండి. నీళ్ళు, పాలు చల్లగా తాగించవచ్చు, వేడివి వద్దు. పిల్ల నిద్రపోతే పెదవి పళ్ళ మధ్య పడిందేమో చూడండి. స్కూలుకు పంపకండి, అక్కడ ఎవరూ గమనించరు.

మర్నాడు పెదవి వాచి తెల్లటి పొర కట్టింది. చీము పట్టిందా?

చాలాసార్లు చీము కాదు. కొరుక్కున్న చోట తడిగా, తెల్లగా లేక పసుపుగా కనిపించే పొర మానుతున్న పుండు మీద కట్టేదే. నోట్లో పుండుకు పొక్కు ఎండదు, తడిగా తెల్లబడుతుంది. దాన్ని గీకవద్దు. గోరువెచ్చని ఉప్పునీళ్ళతో పుక్కిలించమనండి, పెదవికి వాజిలిన్ రాయండి, నొప్పికి బరువును బట్టి పారాసిటమాల్ ఇవ్వండి. వారం, పది రోజుల్లో మానుతుంది. మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వేయకండి. జ్వరం వచ్చినా, వాపు బుగ్గ మీదికో మెడ మీదికో పాకినా, మింగడం కష్టమైనా ఆ రోజే తీసుకురండి.

12 ఏళ్ళు నిండితే ఇక పెద్దవాళ్ళలాగే చూస్తారా?

సూది ఎత్తు విషయంలో దాదాపు అంతే. నరం రంధ్రం పళ్ళ మట్టాన్ని దాటి పైకి చేరి ఉంటుంది, కింది ఎముక గట్టిపడి ఉంటుంది, చిగురులో వేసే సూది దవడ పళ్ళకు చాలదు. మందు మోతాదు మాత్రం బరువును బట్టే. 12 ఏళ్ళ వయసులో 28 కిలోలున్న అమ్మాయి, 50 కిలోలున్న అబ్బాయి నా దగ్గరికి ఒకే రోజు వస్తుంటారు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

సాధారణ పళ్ళ డాక్టర్లు చాలామంది పిల్లలకు చక్కగా చికిత్స చేస్తారు. చాలా చిన్న పిల్లలు, బాగా బెదిరిన పిల్లలు, ఇతర జబ్బులున్న పిల్లలు అయితే పిల్లల దంత వైద్యంలో ప్రత్యేకంగా పీజీ చేసినవారిని చూడండి. హైదరాబాద్, విజయవాడ, కడపలోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో తక్కువ ఖర్చుతో చూపించుకోవచ్చు. వెళ్ళినప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీ, ఆ వారం తూచిన బరువు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్ళండి.